అదే చోట మళ్ళీ అదే మచ్చ

చిటికెన వేలి గోరంత మచ్చ. అంగం కొన మీద, కుడి పక్కన, అంచుకు దగ్గరగా. చుట్టూ గీత గీసినట్టు గుండ్రటి హద్దు, లోపల ఎరుపుకీ ఊదాకీ మధ్య ఏదో రంగు. మంట కూడా ఉంది. మూత్రానికి వెళ్ళినప్పుడు కాదు, బట్ట తగిలినప్పుడు. కొన్నాళ్ళకి మంట తగ్గింది, పైన పొర సన్నగా ఊడింది, కింద బూడిద కలిసిన గోధుమ రంగు మిగిలింది. అది మాత్రం పోలేదు. నెలలు గడిచాక, సరే పల్చబడుతోందిలే అనుకుంటున్న సమయానికి మళ్ళీ అదే చోట, అదే ఆకారంలో, అదే మంటతో లేచింది. ఈసారి హద్దు ఒక వెంట్రుకవాసి పెద్దదయింది కూడా.

చేతి మీద మచ్చ వస్తే కనిపించినవాడికల్లా చూపిస్తాం, నలుగురూ నాలుగు మందులు చెప్తారు. ఇక్కడ వస్తే నోరు పెగలదు. పైగా అక్కడ ఏది వచ్చినా సుఖవ్యాధే అన్న నమ్మకం మనలో ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, పెళ్ళాం తప్ప మరో మనిషి తెలియని నాకు కూడా నా మీద నాకే అనుమానం మొదలైంది.

ముందు ఒక జనరల్ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చూసింది అర నిమిషం. అదే చోట తిరగబెట్టింది అనగానే హెర్పిస్ అన్నారు. దానికి వాడే ఎసైక్లోవిర్ మాత్రలు రాసి, హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయించుకోమన్నారు. తీసిపారేయాల్సిన మాటేమీ కాదు. హెర్పిస్ వైరస్ నరాల మూలాల్లో దాక్కుని, ఒంట్లో శక్తి తగ్గినప్పుడల్లా దాదాపు అదే చోట తిరగబెడుతుంది. చాలామందికి అది ఉన్న సంగతి ఏళ్ళ తరబడి తెలియదు కూడా. నాకు నచ్చనిది ఆయన అనుమానం కాదు, కాగితం చేతికిస్తూ చూసిన చూపు. రక్త పరీక్షలు రెండూ నెగెటివ్ వచ్చాయి. మందుల కోర్సు అయిపోయింది, మంట తగ్గింది. వాడకపోయినా తగ్గేదే అని తర్వాత తెలిసింది. మచ్చ మాత్రం ఇంకాస్త ముదురు రంగులో స్థిరపడింది.

ఆ రోజుల్లోనే పుట్టి ఇన్నేళ్ళకి మొదటిసారి అద్దం పెట్టుకుని, మంచి వెలుతురులో, కింద ఉన్నదంతా పరీక్షగా చూసుకున్నాను. చూశాక భయం పది రెట్లయింది. ఎందుకంటే మచ్చ ఒక్కటే కాదు, అక్కడ ఏ భాగమూ ఇంకో భాగం రంగులో లేదు. వృషణాల తిత్తి ఒంటి కంటే బాగా నలుపు. దాని మధ్యలో ఇంకా నల్లటి గీత, అంగం అడుగు భాగం నుంచి మొదలై వెనక్కి మలద్వారం దాకా పోతోంది. అంగం పైచర్మం ఒక రంగు, తోలు వెనక్కి లాగితే లోపలి వైపు గులాబీ రంగు, కొనది ఇంకో రంగు. తిత్తి మీద అక్కడక్కడా సూదిమొనతో పొడిచినట్టు ముదురు ఎర్ర చుక్కలు. కొన చుట్టూ అంచు మీద చర్మం రంగులోనే వరసగా చిన్న బుడిపెలు. గజ్జల్లో రెండు పక్కలా గోధుమ రంగు నీడ. ఇవన్నీ ఎప్పటి నుంచి ఉన్నాయో నాకు తెలియదు. ఫోన్‌లో ఒక పట్టీ రాసుకున్నాను, ఈసారి చర్మవ్యాధుల నిపుణుల దగ్గరికి వెళ్తే అన్నీ ఒకేసారి అడిగేద్దామని.

నిపుణురాలు అని రాయాలి నిజానికి. ఆవిడ పేరు చూసుకోకుండా అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, లోపలికి వెళ్ళాక తెలిసింది మేడమ్ అని. నా మొహం చూసి ఆవిడే అడిగారు, "మగ డాక్టరు కావాలంటే పక్క గదిలో ఉన్నారు, పంపించనా?" అని. అలా మామూలుగా అడిగేసరికి ఇంకేం సిగ్గు మిగులుతుంది? పరవాలేదన్నాను. ఆసుపత్రిలో పనిచేసే ఒకబ్బాయిని తోడుగా గదిలో నిలబెట్టి, చేతులకి గ్లౌజులు వేసుకుని, లైటున్న భూతద్దంలాంటి పరికరంతో చూడ్డం మొదలుపెట్టారు. దాన్ని డెర్మోస్కోప్ అంటారట. మచ్చ దగ్గర చాలాసేపు ఆగారు. తోలు వెనక్కి లాగమన్నారు, మళ్ళీ ముందుకి తెమ్మన్నారు, గజ్జల్లో గడ్డలేమన్నా ఉన్నాయేమో వేళ్ళతో నొక్కి చూశారు. తర్వాత నోరు తెరవమన్నారు. పెదాలు, చేతివేళ్ళ సందులు, మెడ వెనక కూడా చూశారు. ఇక్కడి మచ్చకి నోరు ఎందుకు చూస్తున్నారో నాకు అర్థం కాలేదు.

"ఇది లేచినప్పుడు చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా వచ్చాయా, లేక మొదటి నుంచీ ఒకటే గుండ్రటి మచ్చా?"

ఒకటే మచ్చ అన్నాను.

"మచ్చ లేవడానికి ముందు ఏం మాత్రలు వేసుకున్నారు?"

ఏమీ లేదండీ, నాకు బీపీ, షుగరు ఏమీ లేవు, మందులు వాడను అన్నాను. ఆవిడ వదల్లేదు. తలనొప్పికి? జలుబుకి? ఒళ్ళు నొప్పులకి? జ్వరానికి? పంటి నొప్పికి? విరేచనాలకి? నిద్రకి? బలానికి? ఎవరో ఇచ్చిన చూర్ణం ఏదైనా? పడక విషయంలో ఏమైనా మాత్ర? చివరికి "మీ ఆవిడ ఏమైనా మందులు వాడుతున్నారా?" అని కూడా అడిగారు. భార్య వేసుకున్న మందు కలయిక ద్వారా తగిలి భర్తకి మచ్చ లేచిన కేసులు కూడా అరుదుగా ఉన్నాయట. విరేచనాలు అన్న మాట దగ్గర నా బుర్ర ఆగింది. రెండోసారి మచ్చ లేవడానికి ముందు రోజు కడుపు పాడై, ఇంట్లో ఉన్న మాత్ర వేసుకున్నాను. మొదటిసారి? అప్పుడూ ప్రయాణం నుంచి వచ్చి కడుపు పట్టుకుని కూర్చున్న రోజులే. విరేచనాల మాత్రని మనం మందుల లెక్కలో వేయం కదా. అది ఇంట్లో ఉప్పూ పప్పూ లాగా ఉంటుంది. మాత్ర పేరు చెప్పాను. అందులో రెండు మందులు కలిసి ఉంటాయి, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్. ఆవిడ పెన్ను కింద పెట్టి, "ఇది సుఖవ్యాధి కాదు, మందు మచ్చ. ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటాం" అన్నారు.

ఆ తర్వాత ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది నాకు బాగా గుర్తుండిపోయింది. కొందరి ఒంటికి ఒక మందు పడదు. కానీ అది ఒళ్ళంతా దద్దురుగా కాకుండా ఒకటి రెండు చోట్లే మచ్చగా బయటపడుతుంది. మందు ఒంట్లోకి పోయిన ప్రతిసారీ సరిగ్గా ఆ చోటే మళ్ళీ లేస్తుంది. కారణం, మొదటిసారి దాడి చేసిన తెల్లరక్తకణాల్లో కొన్ని, సీడీ8 టీ కణాలు, పని అయిపోయాక వెళ్ళిపోకుండా ఆ చర్మం పైపొరలోనే కాపురం పెట్టేస్తాయి. ఆ మందు మళ్ళీ రాగానే గుర్తుపట్టి చుట్టుపక్కల చర్మకణాల మీద పడతాయి. అందుకే తొలిసారి లేవడానికి వారం, రెండు వారాలు పట్టినా, తర్వాతి సార్లు మాత్ర మింగిన అరగంట నుంచి ఎనిమిది గంటల లోపే మంట మొదలైపోతుంది. ఇలాంటి మచ్చని బోర్న్స్ అనే వైద్యుడు 1889లో మొదట వర్ణిస్తే, ఫ్రాన్స్‌కి చెందిన బ్రోక్ 1894లో దానికి 'ఫిక్స్‌డ్' అన్న పేరు పెట్టాడట. పెదాలు, చేతులు, మగవాళ్ళలో అంగం కొన దీనికి ఇష్టమైన చోట్లు. ఆవిడ నోరూ పెదాలూ ఎందుకు చూశారో అప్పటికి తెలిసింది. సల్ఫా మందులు, నొప్పి మాత్రలు, టెట్రాసైక్లిన్లు, నేను వేసుకున్న రకం, ఒక్కోసారి మామూలు పారాసెటమాల్ కూడా దీనికి కారణం కావచ్చు.

రంగు ఎందుకు పోవడం లేదన్నది నా అసలు బాధ. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ మామూలుగా పైపొరలో ఉంటుంది. ఈ దాడిలో ఆ పొర అడుగున ఉన్న కణాలు దెబ్బతిని, మెలనిన్ కిందికి, లోపలి పొరలోకి జారిపోతుంది. అక్కడ దాన్ని పారిశుధ్య కణాలు మింగి, నెలల తరబడి కడుపులో పెట్టుకుని కూర్చుంటాయి. లోతున ఉన్న రంగు బయటికి బూడిద కలిసిన గోధుమలా కనిపిస్తుంది. పైన పూసే తెల్లదనం క్రీములు అంత లోతుకి సరిగా పోవు, పైగా అక్కడి పల్చటి చర్మాన్ని కాలుస్తాయి. "మందు మానెయ్యడమే వైద్యం. రంగు దానంతటదే పల్చబడుతుంది, కానీ తొందరపెట్టకూడదు. మధ్యలో ఇంకోసారి లేచిందా, రంగు ఇంకో పూత పడుతుంది" అన్నారు. నాలుగు రోజులు రాయడానికి తక్కువ శక్తి ఉన్న స్టెరాయిడ్ పూత, హైడ్రోకార్టిజోన్ ఒకటి ఇచ్చారు, అది మంటకి, రంగుకి కాదు.

అప్పుడు ఫోన్ తీసి నా పట్టీ చదివాను. ఆవిడ నవ్వలేదు. ఒక్కొక్కటీ మళ్ళీ చూస్తూ చెప్పారు.

తిత్తి నలుపు గురించి: మగపిల్లల్లో యుక్తవయసు వచ్చేదాకా అక్కడి చర్మం ఒంటి రంగుకి దగ్గరగానే ఉంటుంది. టెస్టోస్టెరాన్ పెరిగేకొద్దీ అక్కడి మెలనిన్ తయారీ ఊపందుకుంటుంది, తిత్తి, అంగం, మలద్వారం చుట్టూ నల్లబడతాయి. ఎంత తెల్లటి ఒళ్ళున్నవాళ్ళకైనా అంతే. రంగు తయారుచేసే కణాల సంఖ్య తెల్లవాళ్ళలోనూ నల్లవాళ్ళలోనూ దాదాపు ఒకటే, అవి ఎంత మెలనిన్ చేసి ఎలా పంచుతాయన్నదే తేడా. సబ్బుతో రుద్దితే పోయే మురికి కాదది. రుద్దితే ఇంకా నల్లబడుతుంది.

మధ్యలో నల్లగీత ఒక అతుకు. తల్లి గర్భంలో మూడో నెల ప్రాంతంలో రెండు పక్కల నుంచి మడతలు వచ్చి మధ్యలో కలుస్తాయి, ఆ కలిసిన చోటే ఆ గీత. ఆడపిండంలో అవి కలవకుండా విడిగా ఉండిపోతాయి. అది నాకు భలే తమాషాగా అనిపించింది. ఇన్నేళ్ళుగా మోస్తున్న గీత, కానీ స్కూలు పుస్తకంలో దాని ఊసే లేదు.

తోలు లోపలి వైపు గులాబీ రంగు మామూలే, అది పెదవి లోపలి పొరలాంటిది. సున్తీ అయినవాళ్ళకి కోసిన గీత దగ్గర రెండు రంగులు ఎదురెదురుగా పడి, పైన ముదురు, కింద లేత, జీవితాంతం అలాగే కనిపిస్తాయి. కొన రంగు రక్తం చేరినప్పుడు ఎరుపుకో ఊదాకో మారుతుంది, చలికి వాడిపోతుంది. అంచు చుట్టూ వరసగా ఉన్న బుడిపెలు యుక్తవయసు వచ్చాక చాలామందిలో సహజంగా కనిపించేవే, అంటుకునేవి కావు, తియ్యాల్సిన పనీ లేదు. తిత్తి మీది ఎర్ర చుక్కలు సన్నటి రక్తనాళాలు ఉబ్బినవి, వయసుతో పెరుగుతాయి. వాటిని 1896లో వర్ణించిన ఫోర్డైస్ పేరే వాటికి పెట్టారు. గీరుకుని రక్తం కారితే తప్ప జోలికి పోనక్కరలేదు. చిన్న వయసులోనే నడుము నుంచి తొడల దాకా గుత్తులుగా వస్తే మాత్రం ఫాబ్రీ అనే అరుదైన జన్యువ్యాధి ఉందేమో చూడాలట.

గజ్జల నీడ దగ్గర ఆవిడ గది లైట్లు ఆర్పించారు. చేతిలో ఊదా కాంతి వచ్చే వుడ్స్ ల్యాంప్. చీకట్లో మోకాళ్ళు విడదీసి నిలబడి ఎవరో నా గజ్జల మీద ఊదా దీపం పట్టుకోవడం, ఏం చెప్పమంటారు! బ్యాక్టీరియా వల్ల వచ్చే ఎరిత్రాస్మా అనే చర్మవ్యాధి అయితే ఆ కాంతిలో పగడపు ఎరుపు మెరుస్తుంది. నాకు మెరవలేదు. తామర అయితే అంచు ఎర్రగా లేచి, పొలుసులు రాలి, దురద ఉండేది. అదీ లేదు. మెడ వెనక కూడా అలాంటి నలుపు మఖమల్ గుడ్డలా మందంగా ఉంటే ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు, అందుకే ముందు మెడ చూశారు. నాది ఒరుపు, చెమట, బిగుతు బట్టల నలుపు. వదులుగా నూలు బట్టలు, తడి లేకుండా ఆరబెట్టుకోవడం, అంతే అన్నారు. తామర, దురద, మంట అన్నిటికీ కలిపి అమ్మే స్టెరాయిడ్ క్రీముల జోలికి మాత్రం పోవద్దని గట్టిగానే చెప్పారు. తొడ సందుల్లో చర్మం మందుని మామూలు చోట్ల కంటే చాలా ఎక్కువ పీల్చుకుంటుంది, కొన్నాళ్ళకి పల్చబడి చారలు పడుతుంది, తామర ఉంటే లోపల్లోపల పాకుతుంది.

"మరి ఏ రంగుకి భయపడాలి మేడమ్?" అన్నాను.

"రంగుకి కాదు, మార్పుకి" అని కొన్ని చెప్పారు. సున్నంలా తెల్లటి మచ్చ ఆ ఊదా కాంతిలో నీలితెలుపుగా మెరిస్తే బొల్లి కావచ్చు. అది అంటుకోదు, ప్రాణం తీయదు, కానీ కొన మీద వెంట్రుకల కుదుళ్ళు లేవు కాబట్టి రంగు తిరిగి రావడం నిదానం, ఎందుకంటే రంగు కణాలు ఆ కుదుళ్ళ నుంచే పైకి పాకుతాయి. తెలుపుతో పాటు చర్మం బిగుసుకుని, తోలు వెనక్కి రాకపోతే, మూత్రం ధార సన్నబడితే, అది లైకెన్ స్క్లెరోసస్. దానికి క్లోబెటసాల్ 0.05 శాతం లాంటి బలమైన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ డాక్టరు చెప్పినట్టే వాడాలి, కొందరికి సున్తీ అవసరమవుతుంది. పట్టించుకోకపోతే కొద్దిమందిలో క్యాన్సర్‌కి దారితీస్తుంది కూడా. నల్లమచ్చ అంచులు చిందరవందరగా, రెండు మూడు రంగులు కలిసి, పెరుగుతుంటే చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలి. ఎర్రగా నున్నగా ఉండి వారాల తరబడి మానని మచ్చకీ అంతే. పుండు మానకపోతే ఒక్క నెల కూడా ఆగకూడదు.

నా మచ్చకి ముక్క తియ్యలేదు. బదులుగా ఇంకో పరీక్ష మిగిలింది. రెండు మందుల్లో దోషి ఏది? రెండూ జీవితాంతం మానేస్తానన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు, రెండూ రేపు అవసరం పడే మందులే, నిర్దోషిని ఎందుకు శిక్షించాలి అన్నారు. మందుని మచ్చ మీదే రాసి చూసే పరీక్ష ఒకటుంది, కానీ అంగం కొన మీద పట్టీ నిలవదు. అందుకని నోటి ద్వారానే. మచ్చ పూర్తిగా చల్లబడి కొన్ని వారాలయ్యాక, లేచిన వెంటనే అయితే కణాలు అలిసిపోయి కొన్నాళ్ళు స్పందించవట, పొద్దున్నే ఆసుపత్రికి రమ్మన్నారు. ఒళ్ళంతా బొబ్బలు వచ్చే రకం మచ్చలున్నవాళ్ళకి ఈ పరీక్ష చేయరు, ఇంట్లో సొంతంగా అసలు చేసుకోకూడదు. నాది ఒకే మచ్చ కాబట్టి ధైర్యం చేశారు. ముందు ఆఫ్లాక్సాసిన్ మాత్రలో చిన్న ముక్క. సాయంత్రం దాకా కూర్చోబెట్టారు, ఏమీ కాలేదు. మరో విడత రమ్మని ఆర్నిడజోల్ ముక్క ఇచ్చారు. నేను పత్రిక తిరగేస్తూ కూర్చున్నాను. గంట దాటాక అక్కడ సన్నగా చిమచిమ. నా ఊహేమో అనుకున్నాను. ఇంకాసేపటికి బట్ట తగిలితే మంట. గదిలోకి వెళ్ళి చూస్తే పాత మచ్చ అంచు వెంబడి ఎర్రటి వలయం, ఇప్పుడే గీసినంత తాజాగా. మంట పెడుతున్నా నాకు నవ్వొచ్చింది. అంత చిన్న ముక్క కడుపులో కరిగి, రక్తంలో కలిసి, ఒళ్ళంతా తిరిగి, సరిగ్గా ఆ గోరంత జాగాని వెతుక్కుంటూ వచ్చింది!

అది లేచింది కాబట్టి రంగు మళ్ళీ ముదిరింది. తెలిసే చేశాం. ఆ తర్వాత మాత్రం ఏ పూతా రాయలేదు, ఏ క్రీమూ కొనలేదు. ఇప్పుడు తెలిసినవాళ్ళు చూస్తే తప్ప కనపడనంత పల్చగా ఉంది, తెలిసినవాళ్ళు ఇంట్లో ఒక్కరే.

మా ఆవిడ సంగతి చెప్పాలి. మొదటి డాక్టరు హెర్పిస్ అన్న రోజు ఇంటికొచ్చి కాగితం చేతిలో పెట్టాను. దాచిపెట్టి ఆవిడకీ అంటిస్తే అదింకా అన్యాయం కదా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "రేపు నేనూ పరీక్ష చేయించుకుంటానండీ" అంది, అంతే. ఆ మాటలో నింద లేదు, నమ్మకం కూడా పూర్తిగా లేదు. మందు మచ్చ అని తేలిన రోజు విషయమంతా విని, లేచి వెళ్ళి మందుల డబ్బా దులిపి ఆ మాత్రల షీటు బయట పారేసింది. "దీనికోసం నన్ను ఇన్నాళ్ళు ఏడిపించారా?" అంది. ఎవరిని తిట్టిందో, నన్నో మాత్రనో, అడిగే ధైర్యం చేయలేదు.

మేడమ్ ఒక చిన్న అట్ట మీద రాసిచ్చారు: ఆర్నిడజోల్ పడదు, అదే కుటుంబంలోని మెట్రోనిడజోల్, టినిడజోల్ కూడా పరీక్షించకుండా ఇవ్వవద్దు. పర్సులో పెట్టుకున్నాను. ఈమధ్య చిగురు వాచి పంటి డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన రాసిన చీటీలో రెండో వరస మెట్రోనిడజోలే. అట్ట తీసి ఇచ్చాను. చదివి, "పడకపోతే ఏమవుతుంది, దద్దుర్లా?" అన్నారు.

"మచ్చ వస్తుందండీ."

"ఎక్కడ?"

చెప్పాను. పక్కనున్న నర్సు కిటికీ వైపు తిరిగింది. ఆయన రెండో వరస కొట్టేసి, వేరే మందు రాసి, దాని పేరు రెండుసార్లు పైకి చదివి మరీ ఇచ్చారు.